పదకొండో నంబరు వాళ్ళమ్మ

ఆగస్టు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం వెర్లీన్ స్టాంపర్ మా ఇంటికొచ్చింది. వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. కాఫీ పొయ్యబోతే వద్దంది. వెర్లీన్ కాఫీ వద్దనడం నా ఎరుకలో అదే మొదలు.

"ఆవిడ వస్తోంది ఎమరీ. ఫ్రానియెల్ వాళ్ళమ్మ. శుక్రవారం దిగుతుందట," అంది.

"క్లబ్బువాళ్ళు నాకూ ఫోన్ చేశారు. మాట సాయానికి నన్ను రమ్మన్నారు."

"అందుకే వచ్చాను. ఆవిడకి నేనొక సంగతి చెప్పాలి. నాకు ఆ భాష రాదు. నా తరఫున నువ్వు చెప్పాలి."

ఏం చెప్పాలని అడిగాను. అప్పుడే చెప్పింది. ఏడాదిపాటు ఎవరికీ చెప్పనిది, చేతులు టేబుల్ మీద బోర్లా పెట్టి, గోడకేసి చూస్తూ చెప్పింది. విన్నాక నాక్కూడా కాఫీ తాగబుద్ధి కాలేదు.

నేను కెల్డన్ హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు స్పానిష్ చెప్పి రిటైరయ్యాను. వయసులో ఉన్నప్పుడు రెండేళ్ళు డొమినికన్ రిపబ్లిక్‌లో ఉన్నాను కాబట్టి పుస్తకాల్లో లేని స్పానిష్ కూడా కొంత వచ్చు. వేసవిలో మా ఊరి బేస్‌బాల్ మైదానంలో మైకు ముందు కూర్చుని ఆటగాళ్ళ పేర్లు చదువుతాను. మా జట్టు పేరు కెల్డన్ హెరన్స్. ఊళ్ళో అందరం కొంగలనే అంటాం. అమెరికాలో పెద్ద క్లబ్బులు కొత్తగా తీసుకున్న కుర్రాళ్ళని ముందు మా లాంటి కొండ ఊళ్ళకి పంపుతాయి. అంతా పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ వాళ్ళు, చాలామంది స్పానిష్ మాట్లాడే దేశాల వాళ్ళు. వందమందిలో ఇద్దరో ముగ్గురో పైకెళతారు. మిగతావాళ్ళు ఒకటి రెండు వేసవులు మా మధ్య తిరిగి, ఒక రోజు సంచీ సర్దుకుని బస్సెక్కేస్తారు. ఉన్నన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళే వాళ్ళకి ఇళ్ళల్లో గదులిస్తారు.

వెర్లీన్ స్కూలు బస్సు నడిపేది. మొగుడు పోయాక, కొడుకులిద్దరూ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక, పై గదులు రెండూ కొంగలకిచ్చింది. పద్నాలుగేళ్ళలో ఇరవై ఎనిమిది మంది. అందరి ఫొటోలూ మెట్ల పక్క గోడకి వరసగా ఉంటాయి. వాళ్ళు తినే అన్నం వండటం నేర్చుకుంది కానీ వాళ్ళ భాష మాత్రం నేర్చుకోలేదు. "ఆకలి, బట్టలు, పడుకో. ఈ మూడూ చేత్తో చెప్పొచ్చు," అనేది.

ఇరవై ఏడోవాడు ఫ్రానియెల్ పనియాగ్వా. డొమినికన్ రిపబ్లిక్‌లో ఓకోవా కొండల్లోంచి వచ్చాడు. జట్టు చొక్కా మీద నంబరు పదకొండు. పంతొమ్మిదేళ్ళు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడు. దాన్ని షార్ట్‌స్టాప్ అంటారు. మైదానంలో బంతి ఎక్కువగా వచ్చే చోటు అది. వాడి నడక, నవ్వు, టోపీ పెట్టుకునే తీరు చూసి ఊళ్ళో ముసలమ్మలు కూడా ఆటకి రావడం మొదలెట్టారు. ఇంగ్లీషులో వాడికి బాగా వచ్చిన మాట ఒక్కటే: "నాకొచ్చు."

గడ్డి కోసే యంత్రం నడపడం వచ్చా? నాకొచ్చు. పావుగంటలో వెర్లీన్ నీళ్ళ పైపు ఐదు ముక్కలైంది. మాంసం కాల్చడం వచ్చా? నాకొచ్చు. అగ్నిమాపకం వాళ్ళు వచ్చి వెళ్ళారు. కోప్పడితే వెర్లీన్ చెయ్యి పట్టుకుని వంగి దానికి ముద్దు పెట్టేవాడు. మర్నాడు అదే పని మళ్ళీ చేసి, ఈసారి నిజంగానే నేర్చుకునేవాడు.

పోయినేడాది జూలైలో ఒక సోమవారం, ఆట లేని రోజు, వాడు ఊరవతల పాత సున్నపురాయి క్వారీ గుంటలో మునిగి చనిపోయాడు. కూడా వెళ్ళిన ఇంకో కుర్రాడు దూకి వెతికాడు కానీ నీళ్ళు చల్లన, లోతెక్కువ. క్లబ్బువాళ్ళు శవాన్ని విమానంలో పంపించారు. వాళ్ళమ్మకి అప్పుడు వీసా రాలేదు. కుర్రాళ్ళు చెప్పాపెట్టకుండా వెళ్ళారని పోలీసులు రాసుకున్నారు. ఊళ్ళోనూ అదే అనుకున్నాం. ఆ రెండో కుర్రాడు ఎవరడిగినా ఆ రోజు సంగతి మాట్లాడలేదు. నెల తిరక్కుండానే వాణ్ణి జట్టులోంచి తీసేశారు. వాడు వెనిజులా వెళ్ళిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకి ఆవిణ్ణి మైదానం గేటు దగ్గరే మొదటిసారి చూశాను. హోటల్లో సామాను పడేసి తిన్నగా ఇక్కడికే వచ్చింది. ముందు ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెడదామని వెర్లీన్ అనుకుంది. ఆవిడ ఒప్పుకోలేదు.

పేరు నూరిస్. పొట్టిగా, నిటారుగా, ముదురు నీలం గౌనులో ఉంది. జుట్టు ఒక్క పోగు కూడా చెదరలేదు. వాళ్ళ ఊళ్ళో ఇంటి ముందు గదిలో ఆడవాళ్ళకి జుట్టు దువ్వి చుట్టే సెలూన్ నడుపుతుందట. చేతిలో రేకు డబ్బా ఉంది. అది వెర్లీన్ చేతుల్లో పెట్టి, ఆమె రెండు చెంపలూ ముద్దు పెట్టుకుంది.

"పాలకోవా. మా వాడు ఫోన్‌లో చెప్పేవాడు, వెర్లీన్ అమ్మకి తీపంటే ఇష్టమని," అంది నాతో.

నేను చెప్పాను. వెర్లీన్ ఆ డబ్బాని రెండు చేతుల్తో పట్టుకుని అలాగే నిలబడింది. మూత తియ్యలేదు, థాంక్స్ చెప్పలేదు.

"ముందు మైదానం చూపించండి మాస్టారూ," అంది నూరిస్.

మా మైదానం పెద్దదేం కాదు. చెక్క బెంచీలు, తగరం కప్పు, కుడివైపు గోడ వెనకాల రైలుకట్ట, దాని వెనక కొండ. బొగ్గు బండి వెళ్ళేటప్పుడు మైకులో నేనేం చదివినా ఎవరికీ వినపడదు. ఆ సమయానికి జనం లేరు. మైదానం చూసుకునే క్లెల్ హడ్జిన్స్ ఒక్కడే ఎర్రమట్టి మీద గొట్టంతో నీళ్ళు కొడుతున్నాడు.

నూరిస్ మైదానం గీత దగ్గర ఆగి, చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని లోపలికి నడిచింది. క్లెల్ అరవబోయి నన్ను చూసి ఊరుకున్నాడు. వాడి చోటెక్కడో చూపిద్దామని నేను ముందుకెళ్ళబోయాను. ఆవిడ నన్ను దాటేసింది. షార్ట్‌స్టాప్ నిలబడే చోటికి వెళ్ళి ఒక్క క్షణం ఆగింది. తర్వాత నాలుగడుగులు వెనక్కి, గడ్డి అంచు దాకా వెళ్ళి నిలబడింది.

"ఇక్కడ," అంది. "మా వాడు ఇంత వెనకుంటాడు. మొదటి అడుగు బద్ధకం వాడికి. చెయ్యి మాత్రం తుపాకీ. అందుకని దూరంగా ఉండి విసురుతాడు. మొదట్నుంచీ అంతే. అవునా కాదా?"

"అవునమ్మా. సరిగ్గా అక్కడే."

పాదంతో మట్టిని రాసింది. వంగి ఏదో తీసింది. శనగగింజంత రాయి. క్లెల్ కేసి చాపి చూపించింది.

"ఇది ఇక్కడుంటే బంతి పక్కకి ఎగురుతుంది. మొహం పగులుతుంది. చెప్పండి ఆయనకి."

చెప్పాను. క్లెల్ గొట్టం కింద పడేశాడు. "ఇరవై రెండేళ్ళ నుంచీ ఈ మట్టి దువ్వుతున్నా. ఇంతవరకూ నన్నెవరూ ఒక్క మాటనలేదు. ఈవిడెవరు నాకు చెప్పడానికి?"

"పదకొండో నంబరు వాళ్ళమ్మ," అన్నాను.

క్లెల్ టోపీ తీశాడు. దగ్గరికొచ్చి ఆవిడ చేతిలోంచి ఆ రాయి తీసుకుని జేబులో వేసుకున్నాడు. పళ్ళకర్ర తెచ్చి ఆవిడ నిలబడ్డ చోటు చుట్టూ నెమ్మదిగా దువ్వడం మొదలెట్టాడు. ఆవిడ కదల్లేదు. పాదాల దాకా దువ్వుకొచ్చి ఆపేశాడు.

వెర్లీన్ లోపలికి రాలేదు. కంచె బయట, మొదటి వరస బెంచీ మీద, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికి నూరిస్ వచ్చి, "మీరు కూర్చునేదెక్కడ?" అని అడిగింది. బెంచీల పైన, కప్పు కింద చెక్క గది చూపించాను. చూస్తానంది. ముగ్గురం మెట్లెక్కాం. లోపల బల్ల, మైకు, రెండు కుర్చీలు, పాత ఫ్యాను. కిటికీకి అద్దం లేదు. మైదానమంతా కనిపిస్తుంది.

"మా వాడి పేరు మీరెలా పిలిచేవారు? తప్పు పలుకుతారని మొదట్లో నాతో చెప్పి నవ్వేవాడు."

"మొదటి రోజు తప్పే పలికాను. ఆట అయ్యాక పైకొచ్చి, ఇదే కుర్చీలో కూర్చుని, సరిగ్గా పలికేదాకా వదల్లేదు."

"ఇప్పుడు పలకండి."

మైకు మీట నొక్కాను. ఖాళీ మైదానంలో ఆ పేరు చదవడం నాకు చేతనవుతుందనుకోలేదు. ఏడాది నుంచీ చదవలేదు. గొంతు సవరించుకుని, ప్రతి సాయంత్రం చదివినట్టే చదివాను. "బ్యాటింగ్‌కి వస్తున్నది పదకొండో నంబరు. షార్ట్‌స్టాప్. ఫ్రానియెల్... పనియాగ్వా."

కొండకి తగిలి పేరు తిరిగొచ్చింది. కింద క్లెల్ పళ్ళకర్ర ఆపి, టోపీ మళ్ళీ తీసి, బ్యాటు పట్టేవాడు నిలబడే చోటుకేసి చూశాడు. నూరిస్ కిటికీ చట్రం పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. తల ఒక్కసారి ఊపింది. సరిగ్గానే పలికావన్నట్టు.

ఏడిచింది వెర్లీన్. డబ్బా బల్ల మీద పెట్టేసి, "ఇంక నావల్ల కాదు. చెప్పు ఎమరీ, ఇప్పుడే చెప్పు," అంది. నా వైపు కాదు, నూరిస్ వైపు తిరిగి, గుండె మీద చేత్తో కొట్టుకుంటూ మాట్లాడింది.

"వాళ్ళని ఆ గుంటకి పంపింది నేనే. వాళ్ళంతట వాళ్ళు వెళ్ళలేదు. వాళ్ళకి ఆ చోటే తెలీదు. ఆ రోజు ఎండకి ఇల్లు కాలిపోతున్నట్టుంది. నేను మా చెల్లెలింటికి వెళ్తూ, ట్రక్కు తాళాలు వాడి చేతిలో నేనే పెట్టాను. దారి కాగితం మీద గీసి నేనే ఇచ్చాను. మా పిల్లలు అక్కడే ఈదుతూ పెరిగారు, చల్లగా ఉంటుంది, వెళ్ళండన్నాను. లోపలికి రావద్దని బోర్డుంటుంది, పట్టించుకోవద్దని కూడా చెప్పాను. పోలీసులు అడిగినప్పుడు నోరు విప్పలేదు. ఇంటికొచ్చి ఆ కాగితం పొయ్యిలో పెట్టాను. చెప్పు."

ఇద్దరూ నాకేసి చూశారు. పద్నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చిన మనిషి. కొడుకు పేరు ఇప్పుడే విన్న మనిషి. నావల్ల కాలేదు. స్పానిష్‌లో నేనన్నది ఇదీ: "ఆ రోజు చాలా ఎండగా ఉందట. కుర్రాళ్ళు అక్కడికెళ్ళినందుకు ఎంతో బాధగా ఉందంటోంది."

నూరిస్ నన్నే చూసింది.

"మాస్టారూ, నేను ఇరవై ఆరేళ్ళ నుంచి ఆడవాళ్ళ జుట్టు చూస్తున్నాను. జుట్టారబెట్టే మిషన్ల రొదలో ఒక్క మాటా వినపడదు. అద్దంలో మొహం చూసి తెలుసుకోవాలి. ఈవిడ అంతసేపు మాట్లాడింది, మీరు రెండు ముక్కలు చెప్పారు. ఈవిడ నాలుగుసార్లు తన గుండె మీద తనే కొట్టుకుంది. మీరు చెప్పిన దాన్లో 'నేను' అన్న మాట ఒక్కటి లేదు."

ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలకి ఆ భాష నేర్పినవాణ్ణి.

"నేనేమన్నా గాజుబొమ్మనా? ఇంకోసారి చెప్పండి. ఆవిడ చెప్పినట్టే," అంది.

చెప్పాను. వెర్లీన్‌ని ఒక్కో మాటే మళ్ళీ అనమని, ఒక్కో మాటే మార్చాను. తాళాలు. కాగితం. బోర్డు. పొయ్యి. నూరిస్ కుర్చీలో కూర్చుంది. చేతిసంచీ మోకాళ్ళ మీద పెట్టుకుని దాని పట్టీని వేళ్ళకి చుట్టుకుంటూ విప్పుతూ వింది.

తర్వాత అడగడం మొదలెట్టింది. ఏడుపు లేదు, అరుపు లేదు. ఆ పొద్దున ఏం తిన్నాడు? గుడ్లు, బ్రెడ్డు, మూడు గ్లాసుల పాలు. ఏం చొక్కా? పచ్చది. వెళ్ళేటప్పుడు నవ్వుతూ ఉన్నాడా? ట్రక్కు హారన్ రెండుసార్లు కొట్టి వెళ్ళాడు. దొరికేసరికి ఎంతసేపైంది? నలభై నిమిషాలు. శవాన్ని మీరు చూశారా? చూశాను. నేనే వెళ్ళి వాడేనని చెప్పాను. మొహం? మొహానికేం కాలేదు.

"ఈత వచ్చా అని అడిగిందా ఆవిడ? అది చెప్పండి."

వెర్లీన్ తల ఎత్తింది. "అడిగాను. నాకొచ్చు అన్నాడు."

ఆ మాట నేను చెప్పగానే నూరిస్ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వో మూలుగో తెలీలేదు.

"మా ఊరి ఏరు మోకాలి లోతు మాస్టారూ. వానాకాలంలో కూడా నడిచి దాటుతాం. వాడు పుట్టాక మెడ లోతు నీళ్ళు చూడలేదు. నాకొచ్చు అన్నాడా. ఎనిమిదేళ్ళప్పుడు గాడిద ఎక్కడం వచ్చన్నాడు, చెయ్యి విరిగింది. ఆటగాళ్ళని ఏరుకోవడానికి క్లబ్బు మనిషి వచ్చి షార్ట్‌స్టాప్ ఎవరికొచ్చని అడిగితే ముందు చెయ్యెత్తింది వీడే. అప్పటిదాకా వీడు ఆడింది దూరాన గడ్డిలో. షార్ట్‌స్టాప్‌గా ఒక్క రోజు నిలబడి ఎరగడు." పట్టీ విప్పేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఆ మాట నేర్పింది నేనే. రాదంటే ఇంటికి పంపేస్తారు, ఏదడిగినా వచ్చని చెప్పు, తర్వాత నేర్చుకో అని విమానం దగ్గర చెవిలో చెప్పింది నేను."

ఇది వెర్లీన్‌కి చెప్పాను. ఆమె మోకాళ్ళ మీద కూలబడి నూరిస్ చేతులు పట్టుకోబోయింది. నూరిస్ చెయ్యి ఎత్తి ఆపింది.

"ఆగమనండి. ఇంకొకటుంది. అది కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మళ్ళీ మెత్తగా చేశారంటే ఇంకెవర్నన్నా వెతుక్కుంటాను."

"చెప్తానమ్మా."

"వేరే వాళ్ళ బిడ్డని నీళ్ళకి పంపేటప్పుడు వచ్చా అని అడిగితే చాలదు. కూడా వెళ్ళి ఒడ్డున నిలబడాలి. ముందు మోకాలి లోతులో చూడాలి. నా సొంత అక్క ఇలా చేసినా ఇదే అంటాను. కాగితం కాల్చినందుకు ఇంకా ఎక్కువంటాను. ఏడాదిపాటు నా బిడ్డ దొంగతనంగా వెళ్ళి చచ్చాడని నలుగురూ అనుకున్నారు. అది వాడికి పడ్డ మచ్చ. క్షమించానని ఈరోజు అనలేను. రేపు అంటానో లేదో నాకే తెలీదు."

ఒక్క మాట వదలకుండా చెప్పాను. వెర్లీన్ నేల మీద నుంచే వింది.

"నిజమే. అంతా నిజమే," అంది.

నూరిస్ లేచి గౌను సవరించుకుంది. "ఆట ఎన్నింటికి?"

"ఏడింటికి."

"చూస్తాను."

క్లబ్బువాళ్ళు ఆట మొదట్లో ఒక నిమిషం మౌనం పాటిద్దామనుకున్నారు. నేను చదవాల్సిన కాగితం కూడా వచ్చింది. నూరిస్ వద్దంది. "మౌనం మా ఇంట్లో బోలెడుంది. ఆడనివ్వండి," అంది.

ఆ సాయంత్రం ఎండ ఇంకా కొండ మీద ఉండగానే జనం వచ్చారు. ఎనిమిది వందల మంది దాకా ఉంటారు. నూరిస్‌కి అతిథుల వరసలో కుర్చీ వేస్తే అందులో కూర్చోలేదు. మూడో బేస్ వెనకాల వెర్లీన్ ఎప్పుడూ కూర్చునే బెంచీకి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలింది. ఆ జాగాలో పాలకోవా డబ్బా. పైనుంచి నేను మైకులో పేర్లు చదువుతూ వాళ్ళిద్దరినే చూస్తున్నాను. మాట్లాడుకోవడానికి భాష లేదు. ఇద్దరూ బంతినే చూస్తున్నారు.

మూడో ఇన్నింగ్స్‌లో మా షార్ట్‌స్టాప్ ఒక తేలిక బంతి వదిలేశాడు. కొత్త కుర్రాడు, డొమినికన్ వాడే, పేరు విల్కిన్. వెనకాల ఎప్పుడూ కూర్చునే డ్యూయీ, "బాబూ, అది బంతి, బాంబు కాదు, పట్టుకోవచ్చు!" అని అరిచాడు. నలుగురూ నవ్వారు. నూరిస్ లేచి నిలబడింది. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని స్పానిష్‌లో అరిచింది. అంత చిన్న మనిషికి అంత గొంతుందని నేననుకోలేదు.

"ఒరేయ్! ఏంటి అంత ముందుకొచ్చి నిలబడ్డావ్? వెనక్కెళ్ళు! నీ చెయ్యికేం రోగం? గడ్డి దాకా వెళ్ళు!"

విల్కిన్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఇంత దూరపు ఊళ్ళో బెంచీల మీద నుంచి తన భాషలో ఎవరో అమ్మ తిడుతుంటే వాడి మొహం చూడాలి. రెండడుగులు వెనక్కెళ్ళాడు. "ఇంకా!" అంది. ఇంకో రెండు వేశాడు. ఆ తర్వాత వచ్చిన బంతిని పక్కకి పరిగెత్తి అందుకుని అక్కణ్ణుంచే విసిరితే మొదటి బేస్ దగ్గర అవుట్. టోపీ తీసి ఆవిడకేసి ఊపాడు.

"ఆవిడకి జీతమిచ్చి పెట్టుకోండ్రా!" అని డ్యూయీ కేకేశాడు.

నూరిస్ కూర్చుంది. కూర్చున్నాక భుజాలు కదలడం మొదలైంది. మొహం చేతుల్లో దాచుకుంది. వెర్లీన్ ముట్టుకోలేదు. డబ్బా మూత తీసి, ఒక కోవా ముక్క తను తిని, డబ్బాని ఆమె వైపు జరిపింది. చాలాసేపటికి నూరిస్ కూడా ఒకటి తీసుకుంది. మా జట్టు ఆ రోజు ఓడిపోయింది. ఇద్దరూ చివరిదాకా ఉన్నారు.

మర్నాడు పొద్దున క్వారీ చూపించమని నూరిస్ అడిగింది. వెర్లీన్ ట్రక్కు నడిపింది. మాట అవసరమవుతుందని నేనూ వెళ్ళాను కానీ అవసరం రాలేదు. ఇప్పుడు చుట్టూ ఇనుప కంచె ఉంది. కౌంటీ ఆఫీసు మనిషి వచ్చి తాళం తీశాడు. వెర్లీన్ ట్రక్కులోనే ఉండిపోతే నూరిస్ వెనక్కొచ్చి తలుపు తీసి పట్టుకుని నిలబడింది. చివరికి వెర్లీన్ దిగింది.

నీళ్ళు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. నూరిస్ అంచు దాకా వెళ్ళి వంగి నీళ్ళు ముట్టుకోబోయింది. రాయి నున్నగా ఉంది. వెర్లీన్ గబుక్కున ఆమె చెయ్యి, మోచేతికి పైన, గట్టిగా పట్టుకుంది. నూరిస్ ఆ చెయ్యి వంక చూసింది. విదిలించుకోలేదు. అలా ఒకరు పట్టుకుని ఉండగా ఇంకొకరు వంగి, చెయ్యి మణికట్టు దాకా నీళ్ళలో పెట్టి, వేళ్ళు కొంకర్లు పోయేదాకా ఉంచింది.

"ఎంత చల్లగా ఉందో," అంది లేస్తూ.

ఆదివారం ఆవిడ వెళ్ళిపోయింది. సోమవారం వెర్లీన్ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఉన్నదంతా చెప్పింది. నేను తోడు వస్తానంటే వద్దంది. కేసేమీ పెట్టలేదు. రికార్డులో మాత్రం, కుర్రాళ్ళు ఇంటావిడ చెప్పిన మీదటే వెళ్ళారని మార్చి రాశారు. ఆ కాగితం నకలు అడిగి తీసుకుని ఓకోవాకి పంపింది. తర్వాత క్లబ్బుకెళ్ళి, ఇకమీద మా ఇంటికి ఎవరినీ పంపొద్దని చెప్పింది. కొన్నాళ్ళు ఊళ్ళో కొంతమంది ఆమెతో మాట్లాడలేదు. చర్చిలో ఆమె కూర్చునే బెంచీ మీద ఆమె ఒక్కతే ఉండేది. నేనూ మా ఆవిడా వెళ్ళి పక్కన కూర్చునేవాళ్ళం. అంతకన్నా ఏం చెయ్యాలో మాకూ తెలీలేదు.

ఆ చలికాలం మంగళవారాలు మా వంటింట్లో వెర్లీన్ స్పానిష్ నేర్చుకుంది. అరవై ఏడేళ్ళకి నాలుక తిరగదు. తిరక్కపోయినా వదల్లేదు. మొదట్లో నెలకొకసారి నేను మధ్యలో కూర్చుని నూరిస్‌తో ఫోన్ మాట్లాడించేవాణ్ణి. రెండు మూడు నిమిషాలు. ఆరోగ్యం, వానలు. రెండో ఏడు వచ్చేసరికి నేను అక్కర్లేకుండా పోయాను. క్షమించానన్న మాట ఆవిడ ఎప్పుడైనా అందా అని ఒకసారి అడిగాను. "లేదు," అంది వెర్లీన్. "నేనూ అడగను. ఫోన్ ఎత్తుతోంది, అది చాలు."

మూడో ఏడు జూన్‌లో వెర్లీన్ ఊరి ఈతకొలను వాళ్ళతో మాట్లాడింది. క్లబ్బువాళ్ళని వేధించి వేధించి ఒప్పించింది. కొత్త కుర్రాళ్ళు బస్సు దిగిన మర్నాడే, బ్యాటు ముట్టుకోకముందే, అందరూ కొలను దగ్గరికి రావాలి. వచ్చా రాదా అని వెర్లీన్ వాళ్ళని అడగదు. ఒక్కొక్కణ్ణి నీళ్ళలోకి దించి చూస్తుంది. రానివాడికి పొద్దున్నే గంటసేపు నేర్పిస్తారు. ఇప్పటికి ఆరేళ్ళుగా నడుస్తోంది. మొన్న జూన్‌లో నేను కొలను కంచె పక్కనుంచి వెళ్తుంటే, మడతకుర్చీలో కూర్చుని నూరిస్‌తో ఫోన్లో మాట్లాడుతోంది. ముక్కముక్కలుగా, తప్పుల స్పానిష్‌లో.

"ఈసారి పన్నెండు మంది. ఏడుగురికి రాదు. కాదు, కాదు, ఏడుగురు. ఒకడు పొడుగాటి వాడు, మీ వైపు వాడే. మొహం నీళ్ళలో పెట్టడానికి ఏడుస్తున్నాడు."

అవతల నుంచి నూరిస్ ఏదో గట్టిగా అంటోంది.

"సరే. సరే, మాట్లాడు," అని వెర్లీన్ కష్టం మీద లేచి, కొలను అంచుకెళ్ళి వంగి, తడిచేతులతో గోడ పట్టుకుని వేలాడుతున్న ఆ పొడుగాటి కుర్రాడి చెవి దగ్గర ఫోన్ పెట్టింది.